పాలు చాలడం లేదని డబ్బా తెరిచే ముందు ఇవి చూసుకోండి

కాన్పు అయిన ఇంటికి ఎవరొచ్చినా బిడ్డను చూసి, ఎవరి పోలికో చెప్పి, ఆ వెంటనే అడిగేది ఒకటే: "పాలు పడ్డాయా? సరిపోతున్నాయా?" ప్రేమతోనే అడుగుతారు. కానీ కుట్లు సలుపుతూ, నిద్ర లేక, లేచి కూర్చోవడమే కష్టంగా ఉన్న బాలింతకి పదిమంది నోట అదే మాట వినేసరికి నిజంగానే నాకు పాలు లేవేమో అన్న టెన్షన్ పట్టుకుంటుంది. మా చుట్టాల్లో, స్నేహితుల్లో నెలా రెండు నెలలకే తల్లిపాలు ఆగిపోయిన చాలామంది కథ ఇక్కడే మొదలైంది. చాలడం లేదనుకుని రాత్రిపూట ఒక్కసారి డబ్బా పాలు కలుపుతారు, బిడ్డ ఆ మేరకు రొమ్ము తాగడం తగ్గిస్తుంది, రొమ్ము ఖాళీ కాక అప్పుడు నిజంగానే పాలు తగ్గిపోతాయి. ఇద్దరు పిల్లలకి పాలిచ్చిన అనుభవంతో, పిల్లల డాక్టర్‌నీ నర్సుల్నీ అడిగి తెలుసుకున్న వాటితో, మొదటి కాన్పు వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కాన్పుకి ముందే ఒక పని చేయండి. తొమ్మిదో నెల చెకప్‌కి వెళ్లినప్పుడే డాక్టర్‌తో చెప్పేయండి, పుట్టిన గంటలోపు బిడ్డను నా రొమ్ముకి పట్టించాలి, నన్ను అడగకుండా డబ్బా పాలు పట్టొద్దు అని. గంటలోపు పాలు మొదలుపెట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటే. సిజేరియన్ అయినా కుదురుతుంది, ఎక్కువసార్లు మత్తు వెన్నుకే ఇస్తారు కాబట్టి తల్లి మెలకువగానే ఉంటుంది, ఒక నర్సు పక్కనుండి బిడ్డను పట్టుకుంటే చాలు. నా మొదటి కాన్పులో బిడ్డను వేరే గదిలో పెట్టి, మా వాళ్లు అడిగేలోపే సీసాతో పాలు పట్టేశారు. అందుకే రెండోసారి ముందే చెప్పి, మా ఆయన చేత కూడా చెప్పించాను.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. పిండి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మొదటి రోజు బిడ్డ ఒక్కో విడతలో తాగేది చెంచాడో రెండు చెంచాలో, ఆ వయసు పొట్టకి అంతే కావాలి. జబ్బుల్ని అడ్డుకునే శక్తి ఆ చుక్కల్లోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి పిండి పారబోయమని ఎవరు చెప్పినా వినొద్దు. మాయ బయటికొచ్చాక ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, దాంతో రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు పాలు దిగుతాయి. మొదటి కాన్పు అయినా, సిజేరియన్ అయినా, తల్లికి షుగర్ ఉన్నా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈ మధ్యలో చేయాల్సింది బిడ్డను మాటిమాటికీ రొమ్ముకి పట్టించడం, చొక్కా లేకుండా ఛాతీ మీద పడుకోబెట్టుకోవడం. రోజు మొత్తం మీద 8 నుంచి 12 సార్లు. మూడు గంటలకోసారి అని గడియారం పెట్టుకునే కన్నా బిడ్డను చూడండి: పెదాలు చప్పరించడం, చేయి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పుతూ వెతకడం, ఇవి ఆకలి గుర్తులు. ఏడుపు మొదలయ్యేసరికి ఆలస్యం అయిపోయినట్టే, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టుకోలేదు, ముందు ఊరుకోబెట్టాలి.

పట్టించడం ఎలా

మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. నాకు తెలిసిన పాల సమస్యల్లో సగానికి పైగా, పుండ్లు, గడ్డలు, బిడ్డ బరువు పెరగకపోవడం, తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చి ఆగాయి.

ముందు మీరు సుఖంగా కూర్చోండి, వీపుకి దిండు, చేతి కింద దిండు, కాళ్ల కింద పీట. బిడ్డ వెల్లకిలా ఉండి మెడ ఒక్కటే మీ వైపు తిప్పితే గుటక పడదు. మెడ తిప్పుకుని నీళ్లు తాగి చూడండి, మీకే తెలుస్తుంది. బిడ్డ ఒళ్లంతా మీ వైపు తిరిగి, పొట్టకి పొట్ట ఆనాలి. చేయి తల వెనక వేసి నొక్కకుండా, మెడ దగ్గరా భుజాల దగ్గరా ఆనించి పట్టుకోండి. బిడ్డ ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండాలి. చనుమొనతో పై పెదవి మీద మెల్లగా రాయండి, ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగండి. చాలామంది ఇక్కడే తొందరపడి సగం తెరిచిన నోట్లో పెట్టేస్తారు, అప్పుడు చనుమొన ఒక్కటే నోట్లోకి వెళ్తుంది, నొప్పి మొదలవుతుంది. నోరు పూర్తిగా తెరిచిన క్షణంలో మీరు ముందుకి వంగకుండా బిడ్డనే మీ దగ్గరికి లాక్కోండి, ముందు గడ్డం తగలాలి.

సరిగ్గా పట్టుకుంటే ఇలా ఉంటుంది: గడ్డం రొమ్ముకి అంటుకుని ఉంటుంది, కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కింద వైపు ఎక్కువ నోట్లోకి వెళ్లి పైన కాస్త కనిపిస్తుంది, బుగ్గలు నిండుగా ఉంటాయి. బుగ్గల్లో సొట్టలు పడుతున్నా, టక్ టక్ మని చప్పుడు వస్తున్నా పట్టు వదులైనట్టు. మొదట్లో కొన్ని సెకన్లు చురుక్కుమనొచ్చు, ఆ తర్వాత కూడా పళ్లు బిగబట్టుకునేంత నొప్పి ఉంటే భరించొద్దు, శుభ్రమైన చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి లోపలికి పోనిచ్చి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టండి. లాగితే పగులుతుంది. తాగడం అయ్యాక చనుమొన చూసుకోండి, గుండ్రంగా ఉంటే సరే, ఒకవైపు నొక్కేసినట్టు చదునుగా, తెల్లబారి ఉంటే పట్టు లోతుగా లేదు.

ఇప్పుడు బిడ్డ గడ్డం మీద కన్నేయండి. మొదట గబగబా చిన్న చిన్న చప్పరింపులు ఉంటాయి. నిమిషం రెండు నిమిషాల్లో చేపు వస్తుంది, అంటే పాలు ధారగా వదులుతాయి, కొందరికి రొమ్ములో జివ్వుమంటుంది, రెండో వైపు నుంచి పాలు కారతాయి, కొందరికి ఏమీ తెలియదు, అదీ మామూలే. చేపు రాగానే చప్పరింపు నెమ్మదిస్తుంది, గడ్డం బాగా కిందికి దిగి ఒక్క క్షణం ఆగుతుంది, మెల్లగా గుటక వినిపిస్తుంది. ఆ ఆగడమే పాలు నోట్లో నిండుతున్నాయనడానికి గుర్తు. కాసేపటికి అప్పటిదాకా బిగించి ఉన్న పిడికిలి విచ్చుకుంటుంది, చేయి వాలిపోతుంది. ఇది చూడటం వచ్చిందంటే ఎవరు ఎన్ని అడిగినా మీకు కంగారు ఉండదు.

ఒక రొమ్ము పూర్తిగా తాగనిచ్చి, బిడ్డే వదిలేశాక రెండోది ఇవ్వండి, తాగితే తాగుతుంది లేకపోతే లేదు. సిజేరియన్ అయితే బిడ్డ బరువు కుట్ల మీద పడకుండా చంక కింద నుంచి, కాళ్లు మీ వీపు వైపు వచ్చేలా దిండు మీద పెట్టుకుని ఇవ్వొచ్చు. పక్కకి తిరిగి పడుకుని ఇవ్వడం రాత్రుళ్లు ప్రాణం నిలబెడుతుంది, నేను దాని మీదే నెట్టుకొచ్చాను, కానీ సోఫాలో, కుర్చీలో మాత్రం బిడ్డను పెట్టుకుని నిద్రపోవద్దు, అది ప్రమాదం.

చాలుతున్నాయో లేదో తెలిసేది వీటితో

మొదటి వారం డైపర్లు పక్కన పెట్టి పాత నూలు చీర గుడ్డలు వాడండి, ఎన్నిసార్లు తడిపిందో తేలిగ్గా తెలుస్తుంది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడు, అలా పెరిగి ఐదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం ఆరు తడి గుడ్డలు, మూత్రం పలచగా, రంగు లేకుండా ఉండాలి. విరేచనం మొదట నల్లగా తారులా ఉంటుంది, మూడో నాలుగో రోజుకి ఆకుపచ్చగా మారి, ఐదో రోజుకల్లా పసుపు రంగులోకి రావాలి. నీళ్లగా, గింజలు గింజలుగా పోతుంటే విరేచనాలు పట్టుకున్నాయని భయపడతారు, తల్లిపాల బిడ్డకి అదే మామూలు.

బరువు సంగతి. మొదటి మూడు నాలుగు రోజుల్లో దాదాపు ప్రతి బిడ్డా కాస్త తగ్గుతుంది. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 2.8 కిలోలకి వస్తే ఆందోళన అక్కర్లేదు, 2.7 దాటి కిందికి వెళ్తే, అంటే పదో వంతు తగ్గితే, వెంటనే డాక్టర్ చూడాలి. 10 నుంచి 14 రోజుల్లో పుట్టినప్పటి బరువుకి చేరాలి, ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకి 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతుంది. రోజూ తూచొద్దు, వారానికోసారి ఒకే మెషిన్ మీద, బట్టల్లేకుండా తూస్తే చాలు. ఆసుపత్రిలో కాన్పైతే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి, తన దగ్గర తూకం ఉంటుంది, రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి.

వీటిని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు: రొమ్ము సైజు, రొమ్ము మెత్తబడటం (నెలా రెండు నెలలు తిరిగేసరికి చాలామందికి మెత్తబడుతుంది, పాలు తగ్గినట్టు కాదు), పంపుతో పిండితే వచ్చినవి, ఏడుపు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా బిడ్డ అరగంటకోసారి తాగుతూ, వదిలేసి ఏడుస్తూ, మళ్లీ పట్టుకుంటూ ఉంటుంది చూడండి, చాలా ఇళ్లలో డబ్బా తెరిచేది సరిగ్గా ఆ వేళలోనే. మొదటి రెండు మూడు నెలలు చాలామంది పిల్లలు అలాగే చేస్తారు. రెండు మూడు వారాల వయసులో ఒకసారి, ఆరో వారంలో ఇంకోసారి బిడ్డ ఉన్నట్టుండి రోజంతా తాగుతుంది, రెండు మూడు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ రోజుల్లో వంట పని, చుట్టాల పని ఇంకెవరైనా చూడాలి, మీరు మంచం దిగొద్దు. డబ్బా పాలు తాగి నాలుగు గంటలు పడుకుంది చూశావా అంటారు. ఆ పాలు అరగడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతకుమించి ఏమీ లేదు.

పాలు పెరగాలంటే

ఎంత ఖాళీ అయితే అంత ఊరతాయి. బావిలో నీళ్లు తోడినకొద్దీ ఊరినట్టే. పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది, అందుకే తల్లి పడుకుంటుందిలే అని రాత్రి విడతలు మానిపిస్తే పాలు తగ్గుతాయి. రాత్రి పాలివ్వనిచ్చి, పగలు బిడ్డను ఎత్తుకుని తల్లిని రెండు గంటలు పడుకోనివ్వండి, ఇంట్లో వాళ్లు చేయగలిగిన గొప్ప సాయం ఇది. నొప్పి, భయం, గొడవలు ఉంటే చేపు ఆలస్యం అవుతుంది, కాబట్టి కుట్ల నొప్పికి డాక్టర్ రాసిన మాత్రలు వేసుకోండి, మందు వాడుతున్నానని పాలు ఆపేయకుండా ఇది పాలిచ్చేవాళ్లకి పనికొస్తుందా అని డాక్టర్‌నే అడగండి, చాలా మందులు పనికొస్తాయి.

తిండి దగ్గర మన ఇళ్లలో రెండు రకాలూ చూశాను. ఒకవైపు తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, మెంతులు, కోస్తాలో పాల సొర చేప పుట్టు, కడుపునిండా పెడతారు, తినండి, బలానికి మంచివే. ఇంకోవైపు పథ్యం పేరుతో పప్పు వద్దు, కూరగాయలు వద్దు, నీళ్లు తాగితే పొట్ట వస్తుంది అని వట్టి కారంపొడి అన్నం పెడతారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే పూటకి ఇంకో ముద్ద, గుడ్డు, పప్పు, పెరుగు, మధ్యలో వేరుశనగ బెల్లం ఉండ. దాహం ఎంత వేస్తే అన్ని నీళ్లు. పాలిచ్చే చోట పక్కనే ఒక చెంబు పెట్టుకోండి, చేపు వచ్చే వేళకి గొంతు ఎండిపోతుంది. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు వేసుకోవాలి, చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు.

నిజంగా అదనంగా పట్టాల్సి వస్తే

తక్కువ బరువుతో పుట్టిన, నెలలు నిండని, కామెర్లు ఎక్కువై నిద్రమత్తులో ఉండే బిడ్డలు రొమ్ము గట్టిగా తాగలేరు. అప్పుడు డాక్టర్ పైపాలు పట్టమంటే ముందు మీ పాలే పిండి పట్టండి. చేతులు కడుక్కుని, బొటనవేలు పైన, చూపుడు వేలు కింద, చనుమొనకి అంగుళం దూరంలో పెట్టి, ముందు ఛాతీ వైపుకి నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తెచ్చి వదలండి. వేళ్లు చర్మం మీద జారకూడదు, చనుమొనని పిండకూడదు. మొదట ఏమీ రాదు, ఒకటి రెండు నిమిషాలకి చుక్కలు, ఆ తర్వాత సన్నటి ధారలు. వేడినీళ్లలో మరిగించి తీసిన ఉగ్గుగిన్నెలోకే నేరుగా పిండి, బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె కొన కింది పెదవి మీద ఆనించి బిడ్డ తనంతట తాను చప్పరించేలా పట్టండి, గొంతులోకి పోయకండి. సీసా కన్నా ఇది మేలు, కడగడం తేలిక, రొమ్ము పట్టు చెడదు.

మీ పాలు ఇంకా రాకపోతే తల్లిపాల బ్యాంకు ఉందేమో అడగండి, హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ఉంది, ఆ పాలు ముందుగా నెలలు నిండని పిల్లలకి ఇస్తారు. అదీ కుదరక డాక్టర్ డబ్బా పాలు రాస్తే పట్టండి, బిడ్డ కడుపు నిండటం ముఖ్యం, దాని గురించి ఏ తల్లీ తలదించుకోనక్కర్లేదు. కాకపోతే ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలి అని కచ్చితంగా అడగండి. మన దేశంలో 1992 చట్టం ప్రకారం డబ్బా పాలకి ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకి ఉచితంగా శాంపిల్స్ పంచకూడదు, కాబట్టి ఎవరైనా ఊరికే చేతిలో డబ్బా పెడితే ఎందుకు అని అడిగే హక్కు మీకుంది.

పుండ్లు, గడ్డలు, జ్వరం

చనుమొన పగిలితే పట్టు సరిచేయడమే అసలు మందు. తాగాక మీ పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి, సబ్బు పెట్టొద్దు. పాలు దిగిన రోజుల్లో రొమ్ము రాయిలా గట్టిపడి బిడ్డకి అందకపోతే, పట్టించే ముందు కొంచెం చేత్తో పిండి నల్లటి భాగం మెత్తబడేలా చేయండి, తాగాక చల్లటి గుడ్డ వేయండి. గడ్డలా తగిలితే గట్టిగా పిసికేస్తారు, వేడి కాపడం మీద కాపడం పెడతారు, దాంతో లోపల వాపు ఇంకా పెరుగుతుంది. మామూలుగా తాగిస్తూ, చల్లదనం పెడుతూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. ఎర్రగా కమిలి, చలిజ్వరం వచ్చి, ఒళ్లునొప్పులు ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మందులు వాడుతూ కూడా ఆ వైపు పాలివ్వొచ్చు, ఆపితే చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

పెద్దవాళ్లతో

మా అత్తగారు మంచి మనిషి, నా బాలింతపు సేవంతా ఆవిడే చేశారు. కానీ బిడ్డకి తేనె నాకిస్తానంటే మాత్రం కుదరదన్నాను. ఏడాది లోపు పిల్లలకి తేనెతో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. చక్కెర నీళ్లు, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ అక్కర్లేదు. మే నెల ఎండల్లో కూడా ఆరు నెలల దాకా నీళ్లు పట్టొద్దు, తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే, దాహం వేస్తే బిడ్డ ఇంకోసారి తాగుతుంది. పుట్టిన బిడ్డకి రొమ్ములు ఉబ్బితే స్నానం చేయించేవాళ్లు పిండుతారు, అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు, దానంతటదే పోతుంది, పిండితే చీము పడుతుంది. డాక్టర్ రాసేది విటమిన్ డి చుక్కలు, రోజుకి 400 యూనిట్లు, అవి మాత్రం మానొద్దు. మీ మాట చెల్లకపోతే పెద్దవాళ్లని టీకాల రోజున ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు) దగ్గరికో పిల్లల డాక్టర్ దగ్గరికో వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్ల ముందే ఈ ప్రశ్నలు అడగండి, మా ఇంట్లో సగం గొడవ అలాగే తీరింది.

ఆలస్యం చేయకూడనివి: బిడ్డ తాగడానికి లేవకుండా మగతగా పడి ఉండటం, మొదటి కొద్ది రోజులు దాటాక ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం, పుట్టిన మొదటి 24 గంటల్లోనే పచ్చబడటం, పసుపు అరచేతులు అరికాళ్ల దాకా రావడం (ఎండలో పెడితే పోతుందని ఆగొద్దు), జ్వరం, ఒళ్లు చల్లబడటం, ఊపిరి గబగబా తీయడం, ఆకుపచ్చటి వాంతి. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికే. తల్లికి రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది కూడా అంతే అత్యవసరం, దిష్టి తీసి ఊరుకోవద్దు.

ఉద్యోగానికి వెళ్లే వాళ్లకి: చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు ఉంది, తిరిగి చేరాక బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాల విరామం ఇవ్వాలి, 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలి. చేరడానికి రెండు వారాల ముందు నుంచి పొద్దున్నే ఒక విడత తాగాక మిగిలినవి పిండి దాచడం అలవాటు చేసుకోండి. పిండిన పాలు బయట నాలుగు గంటలు, మన ఎండాకాలంలో ఇంకా తక్కువ, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, తలుపులో కాకుండా లోపలి అరలో స్టీలు గిన్నెలో మూతపెట్టి, తేదీ రాసి పెట్టండి. పొయ్యి మీద కాచొద్దు, వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, మీగడలా పైకి తేలింది కలిసేలా మెల్లగా తిప్పి పట్టించాలి, బిడ్డ ఎంగిలి చేశాక మిగిలినవి దాచొద్దు. ఆఫీసులో మూడు గంటలకోసారి పిండుకోవాలి, గది లేదంటే హెచ్ఆర్ వాళ్లకి మెయిల్ పెట్టి అడగండి, బాత్రూములో పిండుకోమంటే ఒప్పుకోవద్దు.